పదో నంబరు ఖాళీగా లేదు

ఆ రోజు జీపును సర్వర్‌కి ఇచ్చారు. నా భార్యకి ఇవ్వలేదు. మా పాలకేంద్రానికి ఉన్నది ఒక్కటే జీపు. ఇది జరిగిన సంగతి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇరవై తొమ్మిది రోజుల తర్వాత, నిన్న సాయంత్రం, సర్వర్ టౌను నుంచి బాగుపడి తిరిగొచ్చింది. జీపు ముందు సీట్లో కూర్చుని, చీర చుట్టుకుని వచ్చింది. చీర నా భార్య వల్లెమ్మది. ఎవరు చుట్టారని నేను అడగలేదు. వల్లెమ్మ ఆ రోజే పోయింది, తిరిగి రాలేదు.

ఈ ఉదయం ఆరింటికి సర్వర్ గది తాళం తీసేసరికి గది పొడవు పెరిగి ఉంది. నిన్న పదడుగులు. టేపు పట్టి కొలుస్తాను. యాభై అడుగుల రెండంగుళాలు. ఆ కొలతను తలుపు వెనక చాక్‌పీసుతో రాసి పక్కన తేదీ వేస్తాను. కొలత రాయని పని మా కేంద్రంలో చెల్లదు.

సర్వర్ అవతలి కొసన ఉంది. నడిచి వెళతాను. దారిలో ఒకచోట చల్లగా ఉంది, ఒకచోట వెచ్చగా ఉంది. సగం దూరంలో ఎవరో అరుగు కట్టారు, అలిసినవాళ్లు కూర్చోవడానికి. నేను కూర్చోను.

నా పేరు మునిరత్నం. నన్ను జనరేటర్ నడపడానికి తీసుకున్నారు. చదువు ఊరి బడిలో ఏడో తరగతి వరకు. కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటి దగ్గర కూర్చునే మనిషి లేకపోతే నన్ను కూర్చోబెట్టారు. కూర్చోగా కూర్చోగా వచ్చింది. వల్లెమ్మ పాల పరీక్ష చేసేది. ఎవరి పాలలో ఎంత వెన్న ఉందో చెప్పేది. ఆమె చెప్పిన అంకెను ఎవరూ కాదనలేదు.

సర్వర్ బయటి యంత్రాలతో మాట్లాడాలంటే దానిలో ఒక కార్డు ఉండాలి. ఆ కార్డుకి ఒక నంబరు ఉండాలి. పిడుగు పడి పాత కార్డు కాలిపోయింది. టౌనులో దాన్ని పీకేసి, కొత్త కార్డు ఎక్కడినుంచో తెప్పించి వేశారు, దానికే ఇన్ని రోజులు పట్టింది. కొత్త కార్డుకి పాత నంబరే ఇవ్వాలి. వెన్న చూసే యంత్రాలు నాలుగూ, తూకం యంత్రమూ సర్వర్‌ని ఆ నంబరు దగ్గరే వెతుకుతాయి. వేరే దగ్గరికి పొమ్మంటే పోవు. వాటికి ఆ నంబరు నేర్పిన కంపెనీ మూతపడింది. పాస్‌వర్డు కంపెనీతోనే పోయింది.

నంబరు పెద్దదే. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, పది. మొదటి మూడూ అందరికీ ఒకటే కాబట్టి మేం చివరిది మాత్రమే చెప్పుకుంటాం. సర్వర్ పది. నా కంప్యూటర్ ఏడు. ఆ నంబర్లు పంచింది వల్లెమ్మ. ఆమె పదో తరగతి పాసయింది. నేను ఏడుతో ఆపేశాను. పంచిన రోజున అందరి ముందూ ఆ మాట చెప్పి నవ్వింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడూ ఉంది.

పది అని కొట్టి ఎంటర్ నొక్కుతాను.

ఈ నంబరు ఇంకో కార్డుకి ఇచ్చి ఉంది, ఆ కార్డు ఈ కంప్యూటర్లో లేదు, అంటుంది స్క్రీన్.

మళ్లీ కొడతాను. మళ్లీ అదే అంటుంది. మూడోసారి స్క్రీన్ ఏమీ అనదు. నేను విన్నానని దానికి తెలుసు.

*

మేనేజరు హేమాద్రి నాయుడు తలుపు దగ్గర కనిపిస్తాడు. టీ గ్లాసుతో నా వైపు బయలుదేరుతాడు. బయలుదేరినప్పుడు నున్నగా గడ్డం గీసుకుని ఉన్నాడు. నన్ను చేరేసరికి రెండు రోజుల గడ్డం పెరిగింది. టీ మాత్రం పొగలు కక్కుతోంది.

"ఏమయ్యా మునిరత్నం, ఇంకా ఎంతసేపు? ఎనిమిదికి ట్యాంకరు వస్తాది. ఈ పొద్దు నుంచి చేత్తో రాసే చీటీలు చెల్లవంట. సర్వర్లో అంకె పడకుంటే పాలు ఎక్కించుకోరంట."

"నంబరు ఖాళీగా లేదు సార్."

"దాంట్లో ఎవురుండారు?"

"లేని కార్డు."

"లేనిది ఎట్ల ఉంటాదయ్యా?"

"నేనూ దాన్నే అడగతా ఉండాను సార్."

ఆయన ఆలోచిస్తాడు. గ్లాసు నా ముందు పెడతాడు. ఇరవై తొమ్మిది రోజులుగా రోజూ పెడుతున్నాడు. ఇరవై తొమ్మిది రోజులుగా నేను ముట్టుకోలేదు. వల్లెమ్మ పోయిన మూడో రోజు జీపు సంగతి ఏదో చెప్పబోయాడు. నేను కుర్చీలోంచి లేచి వచ్చేశాను. ఆ గ్లాసులన్నీ కిటికీలో వరసగా ఉన్నాయి. ఒక్కటీ చల్లారలేదు.

"వేరే నంబరు ఇచ్చి చూడగూడదా?" అంటాడు.

పదకొండు ఇస్తాను. కార్డు వెంటనే తీసుకుంటుంది. బయట తూకం యంత్రం తన ముఖాన్ని గోడవైపు తిప్పుకుంటుంది. పది వైపు ఎవరూ లేకపోయినా అది అటే చూస్తుంది. హేమాద్రి నాయుడు వెళ్లి దాన్ని భుజాలు పట్టుకుని తిప్పుతాడు. అది మళ్లీ తిరుగుతుంది.

"ఇది మా అమ్మ మాదిరుండాదే," అంటాడాయన. ఆయన అట్లా నవ్వించబోవడం నాకు నచ్చదు. నేను నవ్వను.

పదకొండు తీసేస్తాను.

ఒక పరీక్ష ఉంది. సర్వర్ నుంచి బయటికి పోయే తీగ పీకేసి, ఎవరూ లేని నంబరును పిలిచి చూడటం. కంప్యూటర్ నాలుగుసార్లు పిలుస్తుంది. అవతల ఎవరైనా ఉంటే నాలుగు జవాబులు వస్తాయి. లేకపోతే రావు. నేను తీగ పీకేస్తాను. పదిని పిలుస్తాను.

జవాబు వస్తుంది. రెండోది వస్తుంది. మూడు, నాలుగు. తర్వాత ఐదోది వస్తుంది. ఐదోసారి నేను పిలవలేదు.

మా ఇంట్లోనూ అంతే. ఒకసారి పిలిస్తే వల్లెమ్మ పలికేది. పని చెప్పాక, మళ్లీ తనే "ఏం మామా?" అనేది.

*

బయట వరస పెరుగుతోంది. అరవై ఇళ్ల పాలు. క్యాన్ల మూతల మీద తడిగుడ్డలు కప్పి కూర్చున్నారు. ఎండ ఇంకా నేల మీదికి దిగలేదు, కేంద్రం రేకుల మీదే ఉంది. మొదట ఉన్నది అలివేలు. ఆమెకి ఒక్క ఎనుము, ఒకే గేదె. మొగుడు మంచంలో ఉన్నాడు. ఆ పాలు పోసి ఆ డబ్బుతోనే ఆయనకి మందులు తీసుకువెళుతుంది.

"అన్నా, బిరీన కానియ్యి," అని కిటికీలోంచి అరుస్తుంది. "మా ఎనుము ఎనకాలే వచ్చేసింది. తీసుకుంటారా, తీసుకోకుంటే నాది నాకిచ్చేస్తారా అంటా ఉండాది."

కిటికీలోంచి చూస్తాను. నిజమే. వరస పక్కన ఎనుముల వరస ఒకటి మొదలయింది. ఎవరి మనిషి పక్కన వారి ఎనుము నిలబడింది. చెవులకి పసుపుపచ్చ ట్యాగులు, ట్యాగుల మీద నంబర్లు. అవి తొందరపెట్టడం లేదు. నెమరువేస్తున్నాయి. వాటి హక్కు వాటికి తెలుసు.

"ఎనిమిది దాకా ఆగమని చెప్పు," అంటాను.

"చెప్పినా. ఎనిమిది అంటే ఏమి అని అడగతా ఉండాది."

ఎనుముకి ఎనిమిది చెప్పడం నా పని కాదు. గోడకి అతికించిన కాగితం మీది సహాయం నంబరుకి ఫోన్ చేస్తాను.

ఒకమ్మాయి ఎత్తుతుంది. గొంతు మర్యాదగా ఉంది. ఆమె వెనక కూడా పొడవైన గది ఉన్నట్టు వినిపిస్తుంది. ఆ గదిలో ఎవరో నడుస్తున్నారు, ఇంకా చేరలేదు.

"పాత కార్డు తీసేశారా అండీ?"

"టౌనులో తీసేశారు."

"మెషీన్లోంచి తీశారు. జాబితాలోంచి తీశారా?"

"అది వేరే పనా?"

"వేరే పనే అండీ. మనం చేత్తో తీసినా అది తను పోయానని అనుకోదు. జాబితాలో ఉండిపోతుంది. నంబరు పట్టుకునే ఉంటుంది. మామూలుగా కనిపించదు. పైన 'దాగి ఉన్నవి చూపించు' అని ఉంటుంది చూడండి, అది నొక్కితే కనిపిస్తుంది. లేనివన్నీ లేత రంగులో ఉంటాయి. దాని మీద నొక్కి తొలగించండి."

"తొలగిస్తే మళ్లీ రాదా?"

ఆమె కాసేపు కాగితాలు తిప్పుతుంది.

"ఎవరూ అడగలేదండీ అది," అంటుంది. ఆమె వెనక నడుస్తున్నవాళ్లు చేరినట్టున్నారు. ఫోన్ పెట్టేస్తుంది.

దాగి ఉన్నవి చూపించు అన్నది నొక్కుతాను.

*

జాబితా పొడుగవుతుంది. లేత అక్షరాలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. గదిలో కూడా వస్తాయి.

ముందు చేత్తో తిప్పే పాత వెన్న యంత్రం వస్తుంది. పదేళ్ల కింద ఇనుపసామానుకి వేసేశాం. తర్వాత రెక్క విరిగిన సీలింగ్ ఫ్యాను. తర్వాత మా వాచ్‌మన్ పెంచిన కుక్క, మెట్టు మీద పడుకునేది. అది నన్ను చూసి తోక ఒక్కసారి కొట్టి మళ్లీ పడుకుంటుంది. అన్నీ సున్నం తక్కువైన గోడలా లేతగా ఉన్నాయి.

అరుగు మీద వల్లెమ్మ కూర్చుని ఉంది. ముందు గాజు గొట్టాల పెట్టె. నీలం చీర. చీర అంచులోంచి వెనక గోడ కనిపిస్తోంది. గొట్టం ఎత్తి వెలుతురుకి పట్టి ఒక కన్ను మూసి చూస్తోంది. ఆమె అట్లానే చూసేది.

"తలుపు దగ్గరికి వెయ్యి మామా," అంటుంది. "ఎనుములు లోపలికొస్తాయి."

యాభై అడుగులు నడిచి తలుపు వేసి వస్తాను. ఈసారి అరుగు మీద కూర్చుంటాను.

"ఏమ్మే, పది ఎందుకు పట్టుకోని కూర్చున్నావు?"

"నేనెక్కడ పట్టుకున్నా? నువ్వు తీసుకోలేదు, నేను లెయ్యలేదు."

"అయితే ఇప్పుడు లే."

"ట్యాగు ఎత్తుకొచ్చినావా?"

అరుగు మీద కొంచెం జరిగి కూర్చుంటాను.

మా కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. ఎనుముకి చెవిలో ట్యాగు వేస్తాం. ఎనుము చస్తే, ఇంటాయన ఆ ట్యాగు కోసి తెచ్చి వల్లెమ్మ చేతికి ఇవ్వాలి. ఆమె రిజిస్టర్లో ఆ నంబరు మీద అడ్డగీత కొడుతుంది. అప్పటిదాకా ఆ ఎనుము చచ్చినట్టు కాదు. ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వరు. ఒకాయన ట్యాగు పోగొట్టుకుంటే ఆయన చచ్చిన ఎనుము పేరుకి మూడేళ్లు దాణా చీటీలు వచ్చాయి. ఆయన వాటిని తీసి దాచుకున్నాడు.

కంప్యూటర్లు వచ్చినప్పుడు వల్లెమ్మ వాటికీ ట్యాగులు కట్టింది. వేరే చీటీలు ఎక్కడివి మా దగ్గర? ప్రతి యంత్రానికీ ఒక పసుపుపచ్చ ఎనుము ట్యాగు, దాని మీద నంబరు. అది తప్పని ఎవరికీ తోచలేదు. యంత్రాలకీ తోచలేదు. అవి మాటవిన్నాయి.

టౌనులో పాత కార్డు పీకినాయన ట్యాగును ఒక కవరులో పెట్టి వల్లెమ్మ పోయిన నాలుగో రోజున పంపించాడు. అది నా చొక్కా జేబులో ఉంది. ఇంతవరకు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

"తేలేదు," అంటాను.

"అబద్ధం. ఎడమ జేబులో ఉండాది. గుడ్డలోంచి పచ్చగా కనిపిస్తా ఉండాది."

"ఇస్తే పోతావు."

"ఇయ్యకుంటే మాత్రం ఉండానా?"

గొట్టాన్ని పెట్టెలో పెడుతుంది. కిటికీ వైపు చూస్తుంది.

"వరసగా ఆ గ్లాసులేంది?"

"హేమాద్రి నాయుడి టీ."

"పాపం, తాగొచ్చు కదా. చక్కెర ఎక్కువేస్తాడని కదా నువ్వు మెచ్చుకుంటా ఉంటివి."

"జీపు ఇయ్యలేదు నీకు."

వల్లెమ్మ నన్ను చూస్తుంది. గొట్టాన్ని చూసినట్టే, ఒక కన్ను మూసి.

"జీపు నేనే పంపించినా మామా."

బయట ఎనుము ఒకటి దగ్గుతుంది.

"నువ్వు డీజిలుకి పోయుంటివి," అంటుంది. "ఎద పట్టేసినట్టుండె. గ్యాసనుకున్నా. ఓమ నీళ్లు తాగినా. సారు జీపు తెప్పించి ఎక్కు వల్లెమ్మా అనే అన్నాడు. ముందు సీటొకటే, ఎనక అంతా క్యాన్లు. మంచి మెకానిక్కు ఆ పొద్దు ఒక్క రోజే టౌనులో ఉంటాడంట. ఆ సర్వర్ పెట్టె పోకుంటే అరవై ఇండ్ల పాలు ఏం గాను? మునిరత్నం వస్తాడు, ఆటోలో పోతాంలే అన్నా. పెట్టె అదరకుండా నా పాత చీర నేనే చుట్టినా. ముడేసింది నేను."

ఆ ముడి నాకు తెలుసు. నిన్న దాన్ని విప్పింది నేను. అట్లా రెండు చుట్లు తిప్పి లోపలికి దోపే ముడి మా ఇంట్లో తప్ప ఎక్కడా వేయరు. విప్పినప్పుడు నా వేళ్లు ఒక క్షణం ఆగాయి. నేను వాటిని ఆగనివ్వలేదు.

"నమ్మను," అంటాను.

"నమ్మొద్దులే. ఇట్లా రా."

నన్ను దగ్గరికి లాగుతుంది. పాలు తీసే సన్నని గాజుగొట్టం నా ఎద మీద ఆనించి పీలుస్తుంది. గొట్టంలోకి తెల్లగా ఏదో ఎక్కుతుంది. ఇరవై తొమ్మిది రోజులుగా హేమాద్రి నాయుడి కోసం నేను మూతపెట్టి ఉంచిన కోపం అదే. దాన్ని పరీక్ష గొట్టంలో పోసి, మందు కలిపి, లేతగా వచ్చిన ఆ పాత వెన్న యంత్రంలో పెట్టి చేత్తో తిప్పుతుంది. చప్పుడు రాదు. తీసి వెలుతురుకి పడుతుంది.

"వెన్న లేదు మామా దీంట్లో. అన్నీ నీళ్లే."

"మళ్లీ చెయ్యి."

ఎవరైనా మళ్లీ చెయ్యమంటే ఆమె ఎప్పుడూ కాదనలేదు. రెండోసారి తీస్తుంది. రెండోసారి తిప్పుతుంది. అంకె మారదు. నాకు చూపిస్తుంది. నేనూ ఒక కన్ను మూసి చూస్తాను. గొట్టం పైకొసన వెన్న గీత కూడా లేదు.

ఆమె చెప్పిన అంకెను ఇంతవరకు ఎవరూ కాదనలేదు. నేను కాదనాలనుకుంటాను.

"అయితే నిన్నే క్షమించను," అంటాను.

"క్షమించొద్దు. ఎవురు అడిగినారు? ట్యాగు ఇయ్యి. అలివేలు పాలు ముందు విరుగుతాయి, దాని క్యాను తెల్లారుజామున నిండింది."

*

టైము ఏడూ నలభై. తలుపు అవతల క్యాన్లలో పాలు చిన్నగా మాట్లాడుతున్నాయి. విరిగే ముందు అట్లా మాట్లాడతాయని పాలు పోసేవాళ్లకి తెలుసు. ఎవరూ కూర్చుని లేరు.

నాకు రెండు దారులు ఉన్నాయి. ట్యాగు జేబులోనే ఉంచుకోవచ్చు. అప్పుడు వల్లెమ్మ లేతగా అయినా ఈ గదిలో ఉంటుంది. రోజూ తాళం తీసి, యాభై అడుగులు నడిచి, ఆమె పక్కన కూర్చుని కోపపడవచ్చు. గది ఇంకా పొడుగవుతుంది. అయినా నడవగలను. రెండోది నేను చెప్పనక్కరలేదు.

"నా మీద కోపముంటే ఇంకా మంచిది," అంటుంది వల్లెమ్మ. "కోపముంటే చెయ్యి వణకదు."

జేబులోంచి ట్యాగు తీస్తాను. పది అని ఆమె చేతిరాతే ఉంది దాని మీద. పది పక్కన చుక్క కూడా పెట్టింది. ఆమె చెయ్యి చాపుతుంది. అరచేతిలో పెడతాను. ట్యాగు బరువుకి ఆ చెయ్యి కిందికి వంగుతుంది.

రిజిస్టర్ ఆమె ఒళ్లో ఉంది. ఆమె పోయాక ఎవరూ దాన్ని తెరవలేదు. తెరిచి, నాలుక మీద వేలు తడుపుకుని పేజీలు తిప్పి, పది దగ్గర ఆగి, స్కేలు పెట్టి అడ్డగీత కొడుతుంది. స్కేలు లేకుండా ఆమె ఏ గీతా కొట్టలేదు. తర్వాత తేదీ వేస్తుంది. ఇవాళ్టి తేదీ కాదు. ఆ రోజుది.

"ఇప్పుడు నొక్కు," అంటుంది.

స్క్రీన్ దగ్గరికి వెళ్లి పాత కార్డు లేత అక్షరాల మీద నొక్కితే అది అడుగుతుంది. ఈ పరికరాన్ని తొలగించాలా? అవును, కాదు. బాణం గుర్తు గది అవతలి కొసన ఉంది. మౌసు పట్టుకుని యాభై అడుగుల రెండంగుళాలు లాగుతాను. ఆమె పక్కన నడుస్తుంది. సగం దారిలో నా మోచెయ్యి మీద చెయ్యి వేస్తుంది. నేను దాన్ని తీసెయ్యను. పట్టుకోను కూడా.

బాణం 'అవును' మీదికి చేరుతుంది.

నొక్కుతాను.

జాబితాలో ఆ వరస పోతుంది. కింది వరస పైకి జరుగుతుంది. దాని కిందది దాని చోటికి జరుగుతుంది. ఖాళీ మిగలదు. నాకు నచ్చనిది అదే. కొంచెం ఖాళీ అయినా వదలవచ్చు. వదలలేదు.

గది పదడుగులు ఉంది. నేను గోడకి ఆనుకుని ఉన్నాను. అరుగు లేదు, కుక్క లేదు.

కొత్త కార్డుకి పది అని కొడతాను. తీసుకుంటుంది. దాని కింద ఇంకో రెండు గళ్లు ఉంటాయి. ఒకటి మనవాళ్లు ఎంత దూరం వరకో చెప్పేది. రెండు వందల యాభై ఐదు, మూడుసార్లు కొట్టి చివర సున్నా. రెండోది బయటికి పోయే తలుపు. ఒకటి అని కొడతాను. తీగ గుచ్చుతాను. కార్డు మీద ఆకుపచ్చ దీపం రెండుసార్లు రెప్పవేసి నిలబడుతుంది.

పదిని పిలుస్తాను. నాలుగు జవాబులు వస్తాయి. ఐదోదాని కోసం కాసేపు చూస్తాను. రాదు.

*

తూకం యంత్రం గోడవైపు నుంచి తిరుగుతుంది. అలివేలు క్యాను ముందుగా ఎక్కుతుంది. అంకె పడుతుంది. సర్వర్లో కనిపిస్తుంది. వెన్న ఆరూ పాయింట్ ఎనిమిది.

"మా తల్లే," అని అలివేలు తన ఎనుము మెడ నిమురుతుంది. ఎనుము అంకె చదివి, తల ఊపి, ఇంటిదారి పడుతుంది. మిగతావి కూడా ఒక్కొక్కటే తమ అంకెలు చూసుకుని వెళతాయి. ట్యాంకరు ఎనిమిదికి వస్తుంది. ఎనిమిదీ పదికి పాలు ఎక్కాయి. ఒక్క క్యాను విరగలేదు.

హేమాద్రి నాయుడు ఇంకో గ్లాసు తెస్తాడు. గడ్డం గీసుకుని ఉన్నాడు.

"ఇప్పుడన్నా తాగయ్యా."

ఆయన తప్పు లేదని నాకు తెలుసు. తెలిసిందని ఆయనకి చెప్పను. చెబితే ఆయన ఏడుస్తాడు. అప్పుడు నేనేదో ఒకటి అనాలి. గ్లాసు అందుకుని కిటికీలో పెడతాను.

"ఏమైందయ్యా, ఎట్ల దొరికింది నంబరు?"

"ఖాళీ అయింది సార్."

ఆయన ఇంకేమీ అడగడు. ఆ ఒక్క గుణం ఆయనలో మంచిది.

బయటికి వస్తాను. జనం ఇళ్లకి పోలేదు. అందరూ కేంద్రం వెనక్కి తిరిగి చూస్తున్నారు. కేంద్రం వెనక గుట్ట లేస్తోంది. పశువులు లేచినట్టే లేస్తోంది, ముందు వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు. రాళ్లు దొర్లుతున్నాయి, తుమ్మచెట్లు ఒకవైపుకి ఒరుగుతున్నాయి. నిలబడి ఒళ్లు ఒకసారి విదిలిస్తుంది. ఊరంతా దుమ్ము పడుతుంది. ఎవరూ కళ్లు మూసుకోరు. ఇన్నాళ్లూ గుట్ట పడుకున్న చోట ఎండ చూడని గడ్డి ఉంది, తెల్లగా, తడిగా.

"ఈ పొద్దు పితికే వంతు ఎవురిది?" అంటారెవరో.

అలివేలు కొంగు దోపుకుని, చెంబు తీసుకుని, గుట్ట కిందికి వెళ్లి గొంతుకూర్చుంటుంది. పితికేటప్పుడు దూడను పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. తాడు నా చేతికి ఇస్తారు. తాడు రెండో కొసన దూడగా నా నడుమెత్తు బండ ఉంది. వెచ్చగా ఉంది. తల్లి వైపు గుంజుతోంది. కాళ్లు తన్నిపెట్టి ఆపుతాను.

మొదటి ధార చెంబులో పడిన చప్పుడు వినిపిస్తుంది.

"అన్నా," అంటుంది అలివేలు, తల తిప్పకుండా. "ఇందాక లోపల ఎవురితోనో మాట్లాడతా ఉంటివే. ఎవురది?"

బండ గుంజడం మానుతుంది. గరుకు నాలుక చాచి నా మణికట్టు నాకుతుంది. ఒకసారి, ఇంకోసారి.

అలివేలు మళ్లీ అడుగుతుంది. నేను తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంటాను. ఇవాళ చెప్పను. ఈ ఊళ్లో చెప్పను, ఏ ఊళ్లోనూ చెప్పను. ఈ సంగతి మీద ఇక నా నోరు విప్పేది లేదు.